జూబిలీ హిల్సు స్థలనామములు – రాజకీయ జీవితచరిత్ర రచన

1. విషయ ప్రవేశము

స్థలనామ పరిశీలనము భాషాశాస్త్రమునకును చరిత్రకును ఉమ్మడి క్షేత్రము. ఈ క్షేత్రమున మన పరిశోధకులు చేసిన కృషి చాలవరకు ప్రాచీన శాసనములందలి గ్రామనామములను గూర్చినది. ప్రోలు, పూండి, పాడు, పఱ్ఱు, కుఱ్ఱు మొదలగు నామాంతములను వర్గీకరించి, వానియందు నిలిచియున్న దేశ్యపదముల స్వరూపమును నిరూపించుటకు ఆ కృషి యెంతయు తోడ్పడినది. కాని మన కన్నులయెదుట పుట్టి, మన నోళ్లలో నలిగి, మన కాలముననే అర్థమును కోల్పోవుచున్న పేర్లను గూర్చిన విచారణ మిక్కిలి తక్కువ. పురాతనమైనది మాత్రమే పరిశోధనార్హమను భావము ఇందుకు కొంత కారణము కావచ్చును.

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయమై పేరొందిన జూబిలీ హిల్సు, ఫిల్మ్‌నగర్ ప్రాంతములును, వానిని ఆనుకొనియున్న పేటలును ఇట్టి విచారణకు అనువైన చోటు. ఈ ప్రాంతము పేరు వినగనే సామాన్యముగా నటీనటులు, నిర్మాతలు, చిత్రశాలలు స్ఫురించుట సహజము. కాని ఇచ్చటి నామఫలకములను పరిశీలించినచో, వానియందు ముఖ్యమైనవి కొన్ని రాష్ట్ర రాజకీయములందు దీర్ఘకాలము వ్యవహరించిన పురుషుల పేర్లు. కాసు బ్రహ్మానందరెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జలగం వెంగళరావు – ఈ ముగ్గురును ముఖ్యమంత్రులుగా పనిచేసినవారే. ముగ్గురి పేర్లును కొలది కిలోమీటర్ల యెడములో నిలిచియున్నవి.

ఈ పేర్లు ఆ వ్యక్తులను గూర్చి మనకేమి చెప్పుచున్నవి, ఏమి చెప్పక దాచుచున్నవి, దాచినదానిని వెలికితీయుటకు సాహిత్య విద్యార్థి చేయదగిన పని యేమి – అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారించెదను.

2. వ్యక్తినామము స్థలనామమగుట – పూర్వ సంప్రదాయము

వ్యక్తి పేర ఊరు వెలయుట మనకు కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేర నాగలాపురమును నెలకొల్పినట్లు ప్రసిద్ధి. హైదరాబాదు నగర పరిసరములందును ఈ సంప్రదాయము బలముగా కలదు. ఖైరతాబాదు కుతుబ్‌షాహీ రాజకుటుంబమునకు చెందిన స్త్రీ పేర వెలసినది. సికిందరాబాదు మూడవ నిజామగు సికందర్ జాహ్ పేర 1806లో ఏర్పడినది. పేట, గూడ, ఆబాదు, గంజు అను నామాంతములు ఈ నగరమున ఎక్కువగా వ్యక్తినామములతోనే జతపడియున్నవి.

అయితే పూర్వపు నామకరణమునకును నేటి నామకరణమునకును ఒక ముఖ్యమైన భేదము కలదు. పూర్వకాలమున రాజు ఒక గ్రామమునకు పేరిడి దానము చేసినచో, సాధారణముగా దానికొక శాసనముండెడిది. అందు శక సంవత్సరము, తిథి, వారము, దాత వంశము, ప్రతిగ్రహీత గోత్రము, దాననిమిత్తము, గ్రామము యొక్క నాలుగు ఎల్లలు, తుదకు దానమును చెఱిచినవారికి కలుగు పాపము కూడ వ్రాయబడెడివి. అందుచేత ఊరి పేరు అరిగిపోయినను, శాసనము మిగిలినచో చరిత్ర మిగిలెడిది. ప్రశస్తి భాగమున అతిశయోక్తులు ఉన్నను, దానభాగము వ్యవహార సత్యమునకు సాక్ష్యముగా నిలిచెడిది.

నేటి నామఫలకమున పేరు మాత్రమే యుండును. ఎప్పుడు, ఎవరు, ఏ కారణమున ఆ పేరు పెట్టిరో ప్రభుత్వ ఉత్తరువులలో ఉండవచ్చును. కాని ఆ ఉత్తరువు ఫలకముపై చెక్కబడదు. అనగా ప్రశస్తి నిలిచి దానభాగము లోపించిన శాసనము వంటిది మన ఆధునిక స్థలనామము. స్తుతి యందు కలదు, నిమిత్తము లేదు. ఈ లోపమే ప్రస్తుత విచారణకు మూలము.

3. కొండలమీది పేర్లు – భాషాస్వరూపము

మొదట ఈ ప్రాంతపు పేర్ల భాషాస్వరూపమును కొంత చూడవలసియున్నది. ‘జూబిలీ హిల్సు’ అనునది రెండు ఆంగ్లపదముల సమాసము. ‘బంజారా హిల్సు’ నందు పూర్వపదము ఒక జాతివాచకము, ఉత్తరపదము ఆంగ్లము. ‘ఫిల్మ్‌నగర్’ నందు పూర్వపదము ఆంగ్లము, ఉత్తరపదము సంస్కృతభవము. ఈ ‘నగర్’ మనకు నేరుగా సంస్కృతమునుండి వచ్చినది కాదు. అట్లు వచ్చియున్నచో విజయనగరమునందువలె ‘నగరము’ అని యుండెడిది. హిందీ, ఉర్దూల సంపర్కము వలన తుది అచ్చు లోపించి హలంతమై వచ్చినది. తెలుగువారు దానికి విభక్తిప్రత్యయము చేర్చునపుడు ‘ఫిల్మ్‌నగరులో’ అని ఉకారమును తెచ్చుకొనుట ఒక పద్ధతి, ‘ఫిల్మ్‌నగర్‌లో’ అని హలంతమునకే ప్రత్యయము చేర్చుట మఱియొక పద్ధతి. రెండును వాడుకలో కలవు.

తెలుగు చలనచిత్రమునకు కేంద్రమైన ఈ చోట, ప్రధాననామములు రెండింటను తెలుగు ధాతువు ఒక్కటియు లేకుండుట గమనింపదగినది. పక్కనున్న ‘కృష్ణానగర్’ – చిత్రపరిశ్రమపై ఆధారపడిన చిన్న కళాకారులును పనివారును ఎక్కువగా నివసించు పేట – పూర్వపదమున దేవతానామము గలది. ‘యూసుఫ్‌గూడ’ పాత పద్ధతి పేరు. ‘బోరబండ’ నందలి ‘బండ’ ఈ భూమి స్వరూపమును చెప్పు దేశ్యపదము. కొండ యెక్కినకొలది ఆంగ్లము, దిగినకొలది దేశ్యము – ఈ క్రమము నివాసుల ఆర్థికస్థితిని కూడ సూచించుచున్నది.

ఇంకొక విశేషము: జూబిలీ హిల్సునందలి వీథులకు సామాన్యముగా పేర్లు లేవు, అంకెలు కలవు. ‘రోడ్డు నంబరు 36’, ‘రోడ్డు నంబరు 45’ అని వ్యవహారము. అంకెలచే గుర్తింపబడు ఇట్టి చోట ఒక వ్యక్తి పేరు నిలుచుట పాతపేటలలో నిలుచుటకంటె ఎక్కువ స్పష్టముగా కనిపించును. కావుననే ఇచ్చటి వ్యక్తినామములు పరిశీలనకు సులభముగా లొంగును.

పేరునకును నేలకును గల సంబంధము ఎంత సడలిపోగలదో చూపుటకు ఒక ఉదాహరణము చాలును. 2008 నాటి నియోజకవర్గముల పునర్విభజన వలన ‘జూబిలీ హిల్స్’ అను పేర ఒక శాసనసభా నియోజకవర్గము ఏర్పడి, 2009లో అందు మొదటి ఎన్నిక జరిగెను. యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, వెంగళరావు నగర్, ఎఱ్ఱగడ్డ మొదలగు పేటలు అందు చేరినవి. కాని జూబిలీ హిల్సు యొక్క ముఖ్యభాగము ఖైరతాబాదు నియోజకవర్గముననే నిలిచెను. కొండ పేరు పేటలకు పోయెను. కొండ మాత్రము మఱియొక పేరుక్రింద ఉండిపోయెను.

4. ఒక ఉద్యానము, ఒక శిక్షణాలయము

జూబిలీ హిల్సు, బంజారా హిల్సుల నడుమ మూడువందల ఎకరములకు పైబడిన అడవితునక యొకటి కలదు. నిజాము కుటుంబమునకు చెందిన చిరాన్ సౌధము దాని నడుమ నున్నది. 1998లో ఇది జాతీయోద్యానముగా ప్రకటింపబడి, కాసు బ్రహ్మానందరెడ్డి పేర వెలసినది. దీనికి కొలది దూరమున, రోడ్డు నంబరు 25లో, ప్రభుత్వోద్యోగులకు శిక్షణ నిచ్చు సంస్థ కలదు. 1976లో పరిపాలనా శిక్షణ కొఱకు ఏర్పడిన ఈ సంస్థ, తరువాత డాక్టర్ మర్రి చెన్నారెడ్డి మానవవనరుల అభివృద్ధి సంస్థ అను పేరు పొందినది. ఈ రెండు పేర్లను ఒకదాని ప్రక్కన నొకటి చదువువానికి, ఇద్దరు సమకాలికులు, ఇద్దరు ముఖ్యమంత్రులు, సమానముగా గౌరవింపబడిరి అను మాట మాత్రమే తెలియును. ఆ ఇద్దరి జీవితములను విప్పిచూచినచో తెలియునది వేఱు.

కాసు బ్రహ్మానందరెడ్డి 1909లో గుంటూరు జిల్లా నరసరావుపేట ప్రాంతమున జన్మించిరి. న్యాయవాదవృత్తినుండి రాజకీయములకు వచ్చి, 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికైరి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప నీలం సంజీవరెడ్డి మంత్రివర్గమున ఆర్థికశాఖను నిర్వహించి, 1964 ఫిబ్రవరి నుండి 1971 సెప్టెంబరు వఱకు, ఏడేండ్లకు మించి, ముఖ్యమంత్రిగా నుండిరి. పిదప ఆఱవ ఆర్థికసంఘమునకు అధ్యక్షులై, కేంద్రమున మంత్రియై, 1974 నుండి 1977 వఱకు – అనగా అత్యవసర పరిస్థితి కాలమున – గృహమంత్రిగా నుండిరి. 1977లో అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షులైరి. తుదకు మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసి, 1994లో మరణించిరి.

తెలుగు విద్యార్థికి ఆయన పాలనాకాలము ప్రత్యేకముగా జ్ఞాపకముంచుకొనదగినది. తెలుగును అధికారభాషగా చేసిన చట్టము 1966లో వచ్చినది. కళాశాలలందు తెలుగు మాధ్యమమునకు గ్రంథములు సమకూర్చుటకై తెలుగు అకాడమి 1968లో ఏర్పడినది, పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. తెలుగు చిత్రములకు ప్రభుత్వమిచ్చు నంది బహుమానములు 1964లో మొదలైనవి. నేడు ఫిల్మ్‌నగర్ నివాసుల ఇండ్లలో నున్న నంది ప్రతిమలకును, ఆ ప్రక్కనే యున్న ఉద్యానపు పేరునకును ఈ విధముగా ఒక సంబంధము కలదు. ఫలకము దానిని చెప్పదు.

అదే పాలనాకాలమున 1966లో విశాఖ ఉక్కు కర్మాగారము కొఱకు ఉద్యమము, కాల్పులు, మరణములు సంభవించినవి. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమము చెలరేగినది. ఉద్యోగ నియామకములందలి రక్షణలు పాటింపబడలేదను ఆరోపణతో మొదలైన ఆ ఉద్యమమున విద్యార్థులు ముందు నిలిచిరి. పోలీసు కాల్పులలో మరణించినవారి సంఖ్య 369 అని ఉద్యమకారులు చెప్పుదురు. ప్రభుత్వపు లెక్క అంతకు చాల తక్కువ. శాసనసభ యెదుట గన్‌పార్కులోని అమరవీరుల స్తూపము ఆ మృతుల స్మారకము. నగరపటమున ఆ స్తూపమును, ఈ ఉద్యానమును కలిపి చదివిననే గాని 1969 సంవత్సరము పూర్తిగా అర్థము కాదు.

ఆ ఉద్యమమునకు రాజకీయ నాయకత్వము వహించినది మర్రి చెన్నారెడ్డి. 1919లో జన్మించి, వైద్యవిద్య నభ్యసించి, 1952లో వికారాబాదు నుండి హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికై, బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గమున చేరిన చెన్నారెడ్డి, 1967నకు పూర్వము బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గముననే సహచరులు. 1967లో కేంద్రమంత్రి యైరి. కాని ఆ సంవత్సరపు తాండూరు ఎన్నిక చెల్లదని 1968లో ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. సర్వోన్నత న్యాయస్థానము దానిని సమర్థించినది. ఎన్నికల అక్రమముల కారణమున ఆఱేండ్లు పోటీచేయు అర్హతను ఆయన కోల్పోయిరి. మఱుసటి సంవత్సరమే తెలంగాణ ప్రజాసమితికి నాయకులైరి. 1971 లోక్‌సభ ఎన్నికలలో ప్రజాసమితి తెలంగాణమునందలి 14 స్థానములలో 10 గెలుచుకొన్నది. ఆ యేడాదియే సమితి కాంగ్రెసులో కలిసినది, బ్రహ్మానందరెడ్డి పదవి వీడిరి, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి యైరి.

ఈ క్రమమును రెండు విధములుగ చెప్పవచ్చును. పోటీకి అర్హత పోయినవాడు ఉద్యమమును ఆశ్రయించి, దానిని తన పునఃప్రవేశమునకు మార్గముగా చేసికొనెనని యొక కథనము. ఒక ప్రాంతపు న్యాయమైన వేదనకు శాసనరూపమైన బలమును సమకూర్చి, ముఖ్యమంత్రి మార్పు రూపమున కొంత ఫలితమును సాధించెనని మఱియొక కథనము. రెండు కథనములకును పైని చెప్పిన తేదీలే ఆధారములు. తేదీలను మార్చకుండ అర్థమును మార్చవచ్చుననుట జీవితచరిత్ర రచయిత ఎల్లప్పుడు మనసునం దుంచుకొనవలసిన విషయము.

5. 1978 – మూడు పేర్లు, ఒక పోరు

జలగం వెంగళరావు పేరు ఈ ప్రాంతమున రెండు చోట్ల కలదు: వెంగళరావు నగర్ అను పేట యొకటి, బంజారా హిల్సులోని ఉద్యానమొకటి. 1921లో జన్మించిన ఆయన ఖమ్మం జిల్లా రాజకీయములనుండి ఎదిగినవారు. ఆ జిల్లా పరిషత్తు అధ్యక్షులుగా పనిచేసి, 1962లో శాసనసభలో ప్రవేశించిరి. 1969 ఉద్యమానంతరము బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గమున గృహశాఖను నిర్వహించిరి. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమముల పిదప రాష్ట్రపతి పాలన ముగిసి, 1973 డిసెంబరులో ముఖ్యమంత్రి యై, 1978 మార్చి వఱకు ఆ పదవియం దుండిరి.

ఆయన కాలముననే 1975 ఏప్రిలులో హైదరాబాదున ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినవి. ఆ జూను మాసముననే అత్యవసర పరిస్థితి వచ్చినది. ఆ కాలమున రాష్ట్రమునందు జరిగిన ‘ఎదురుకాల్పుల’ మరణములు పిదప విచారణలకు లోనైనవి. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసునుండి హైదరాబాదునకు తరలివచ్చుట బలపడినదియు ఈ దశకముననే. బంజారా హిల్సులో అన్నపూర్ణా చిత్రశాల 1976లో ప్రారంభమైనది. భాషకు ఉత్సవము, పౌరస్వేచ్ఛకు భంగము, పరిశ్రమకు ఆశ్రయము – ఈ మూడును ఒకే పాలనలోని విషయములు. వీనిలో ఒకదానిని మాత్రమే యెన్నుకొని తక్కిన రెండింటిని విడిచినచో, వ్రాసినది పరిశోధన కాక ప్రశస్తియో నిందయో యగును.

1978 జనవరిలో కాంగ్రెసు చీలినది. ఇందిరాగాంధీ నాయకత్వమున ఒక పక్షము, బ్రహ్మానందరెడ్డి అధ్యక్షతన మఱియొక పక్షము ఏర్పడినవి. ఈ రెండవది ఆయన పేరనే ‘రెడ్డి కాంగ్రెసు’ అని వ్యవహరింపబడినది. రాష్ట్రమున ముఖ్యమంత్రియగు వెంగళరావు ఆ పక్షమున నిలిచిరి. ఇందిరా కాంగ్రెసుకు రాష్ట్రమున నాయకుడు చెన్నారెడ్డి. ఫిబ్రవరిలో జరిగిన శాసనసభ ఎన్నికలలో 294 స్థానములకు గాను ఇందిరా కాంగ్రెసు 175, జనతా 60, రెడ్డి కాంగ్రెసు 30 స్థానములు పొందినవి. మార్చి 6వ తేదీన చెన్నారెడ్డి ముఖ్యమంత్రి యైరి.

ఈ విధముగా నేడు ఒకే ప్రాంతమున ప్రశాంతముగ నిలిచియున్న మూడు పేర్లు, 1978లో ఒకే ఎన్నికయందు ఎదురెదురుగా మోహరించిన మూడు పేర్లు. ఇద్దరొక వైపు, ఒక్కరు మఱియొక వైపు. కాలక్రమమున ముగ్గురును మరల ఒకే కాంగ్రెసులో కనిపించిరి. వెంగళరావు కేంద్ర పరిశ్రమల మంత్రిగా పనిచేసి 1999లో మరణించిరి. చెన్నారెడ్డి 1980 అక్టోబరులో పదవి వీడి, 1989 డిసెంబరులో మరల ముఖ్యమంత్రి యై, 1990 డిసెంబరులో హైదరాబాదున మతకలహములు చెలరేగిన సమయమున రాజీనామా చేసిరి. ఉత్తరప్రదేశ్, పంజాబు, రాజస్థాన్, తమిళనాడు – ఈ నాలుగు రాష్ట్రములకు ఆయన గవర్నరుగా నుండి, 1996 డిసెంబరు 2వ తేదీన తమిళనాడు గవర్నరు పదవియందుండగనే మరణించిరి.

నామకరణ విషయమున చెన్నారెడ్డి పాలనలోనే ఒక ఉదాహరణము కలదు. 1978 ఆగస్టు 15న హైదరాబాదు నగరపు చుట్టుప్రక్కల తాలూకాలతో ఏర్పడిన జిల్లాకు, ఆయన బంధువును మాజీ ఉపముఖ్యమంత్రియు నగు కొండా వెంకట రంగారెడ్డి పేరు వచ్చినది. ఇట్లు పేరు పెట్టు అధికారము కలిగినవాడు కాలాంతరమున తానే స్థలనామమగుట మన రాజకీయ నామకరణమునకు సామాన్య లక్షణము.

6. పటమునకంటె వాడుకయం దెక్కువగా నిలిచిన పేరు

పై ముగ్గురును రాష్ట్రమంతటను వ్యవహరించినవారు. వారి పేర్లు ఈ కొండలమీద నుండుట నామకరణాధికారము గలవారి నిర్ణయము. ఈ ప్రాంతపు ఓటర్లు వారిని ఎన్నుకొన్నందున వచ్చినది కాదు. ఇచ్చటి ప్రజలచేత ఎన్నుకొనబడి, ఇచ్చటి బస్తీలలో తిరిగి, ఇచ్చటనే జీవితమును గడపిన ప్రతినిధి యొకరిని చూచిననే పోలిక పూర్తియగును.

అట్టివారు పి. జనార్దనరెడ్డి. 1948లో జన్మించి, కార్మికోద్యమమునుండి వచ్చి, ఖైరతాబాదు నియోజకవర్గమునుండి 1978, 1985, 1989, 1994, 2004 సంవత్సరములలో ఐదుమార్లు శాసనసభకు ఎన్నికైరి. 1983లోను, 1999లోను ఓడిరి. 2009కి పూర్వము జూబిలీ హిల్సు, బంజారా హిల్సు, యూసుఫ్‌గూడ, బోరబండ లన్నియు ఈ ఒక్క విశాల నియోజకవర్గమునకు చెందినవి. రాష్ట్రమున మిక్కిలి ధనవంతుల నివాసములును, మిక్కిలి పేదల గుడిసెలును ఒకే ప్రతినిధిక్రింద ఉండెను. 1994లో కాంగ్రెసు పరాజయము పొందినపుడు గెలిచిన కొద్దిమందిలో ఆయన యొకరు. ఆ శాసనసభలో కాంగ్రెసు పక్షనాయకులైరి. కార్మికశాఖ మంత్రిగాను పనిచేసిరి. 2004 తరువాత తన పక్షమే అధికారమునం దున్నను, పోతిరెడ్డిపాడు విస్తరణమును బహిరంగముగ వ్యతిరేకించిరి. 2007 డిసెంబరు 28న హఠాత్తుగా మరణించిరి.

ఆయన వృత్తాంతమునందు ప్రత్యేకముగా గమనింపదగినది శబ్దజాలము. ముఖ్యమంత్రుల జీవితములను చెప్పునపుడు మనకు కావలసిన పదములు ‘మంత్రివర్గము’, ‘విశ్వాసతీర్మానము’, ‘అధిష్ఠానము’ మొదలగునవి. జనార్దనరెడ్డి జీవితమును చెప్పునపుడు ‘బస్తీ’, ‘నల్లా’, ‘పట్టా’, ‘ధర్నా’, ‘కూలి’ అను పదములు లేనిదే వాక్యము నడువదు. మొదటివి ఎక్కువగా సంస్కృతసమములు, పత్రికలు కల్పించి వ్యాపింపజేసినవి. రెండవవానిలో పెక్కు ఉర్దూ, హిందీలనుండి నగరపు తెలుగులోనికి దిగి స్థిరపడినవి. నీటిగొట్టము కొఱకు, ఇంటిస్థలపు హక్కు కొఱకు జరుగు రాజకీయమునకును, పదవుల కొఱకు జరుగు రాజకీయమునకును భాషయే వేఱు. దీర్ఘకాలిక ప్రజాజీవితమును పరిశీలించువాడు ఈ రెండు భాషలను నేర్వవలెను. ఒకటి శాసనసభా కార్యక్రమ నివేదికలలో దొరకును. రెండవది వీథులలో దొరకును.

‘పి.జె.ఆర్.’ అను సంక్షిప్తరూపమే ప్రజావ్యవహారమున స్థిరపడినది. ఈ పేరు చాలకాలము ఫలకములపైకంటె నోళ్లయందే ఎక్కువగా నిలిచెను. 2025లో నగరపు పడమటి అంచున, కొండాపురము ప్రాంతపు వంతెన యొకదానికి ఈ పేరు వచ్చినది. ఆయన ఓటర్ల పేటలకు అది దూరము.

7. నామసంక్షేపము – అర్థలోపము

ఈ పేర్లన్నిటియందును ఒక సామాన్య పరిణామము కనిపించుచున్నది. ‘కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము’ వ్యవహారమున ‘కె.బి.ఆర్. పార్కు’ ఐనది. ‘మర్రి చెన్నారెడ్డి మానవవనరుల అభివృద్ధి సంస్థ’ అక్షరముల కూర్పుగా మాఱినది. సమీపమునందలి ‘సంజీవరెడ్డి నగర్’ ‘ఎస్.ఆర్. నగర్’ ఐనది. ‘వెంగళరావు నగర్’ మాత్రము పూర్ణరూపమును నిలుపుకొన్నది.

తెలుగున పూర్వమును నామసంక్షేపము కలదు. వెంకటప్పయ్య ‘వెంకయ్య’ యగుట, సుబ్రహ్మణ్యము ‘సుబ్బయ్య’ యగుట మనకు తెలిసినదే. కాని ఆ సంక్షేపమున మూలనామపు భాగ మొకటి మిగులును. విన్నవాడు మూలమును ఊహింపగలడు. ఆంగ్లాక్షర సంక్షేపమున అట్టి భాగము మిగులదు. ‘బ్రహ్మానంద’ అను ధ్వనిలో ఒక్క అక్షరమైనను తెలుగు రూపమున నిలువదు. ‘బి’ అను పరభాషాక్షరపు పేరు దాని స్థానము నాక్రమించును. కావున ఇది సంక్షేపము కాదు, ఆదేశము. వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్నచో, స్థాని పూర్తిగా తొలగి మఱియొకటి దాని చోట నిలిచినది.

దీని ఫలితము మూడు దశలుగ నుండును. తొలిదశలో పేరు గౌరవవాచకము. పెట్టినవారికి, విన్నవారికి ఆ వ్యక్తి జ్ఞాపకమునం దుండును. రెండవ దశలో అది సంకేతము. ఆటో నడుపువానికి చెప్పు గుర్తు. మూడవ దశలో అది శుద్ధమైన రూఢి. ఖైరతాబాదు అనునపుడు మనకు ఆ రాజస్త్రీ స్ఫురింపనట్లే, ఆ అక్షరములు పలుకునపుడు మనుష్యుడు స్ఫురింపడు. ఖైరతాబాదునకు ఈ స్థితి రావుటకు శతాబ్దములు పట్టెను. అక్షరసంక్షేపము వలన అదే స్థితి ఒక్క తరములోనే వచ్చుచున్నది. 1969లో యువకులై యున్నవారు ఇంకను మన నడుమ నున్నారు. వారి మనుమలకు ఆ పేరు వ్యాయామమునకు పోవు చోటు మాత్రమే.

8. పరిశోధకుల కర్తవ్యము

స్థలనామము ఇట్లు మూసివేసినదానిని తెఱచుటకు ఆధారములు లేకపోలేదు. మొదటివి శాసనసభా చర్చల నివేదికలు. 1956 నుండి తెలుగు వచనము ప్రజావ్యవహారమున ఎట్లు మాఱినదో తెలిసికొనుటకు ఇంతకు మించిన నిధి లేదు. ఒకే నాయకుడు మంత్రిగా మాటలాడిన తెలుగునకును, ప్రతిపక్షమున నిలిచి మాటలాడిన తెలుగునకును గల భేదమును వాక్యనిర్మాణ దృష్టితో పరిశీలింపవచ్చును. రెండవవి న్యాయస్థాన తీర్పులు, విచారణ సంఘముల నివేదికలు. వీనియందు ప్రశస్తికి తావు తక్కువ. మూడవవి ఆనాటి పత్రికలు. ఒకే సంఘటనను రెండు ప్రాంతముల పత్రికలు రెండు విధముల పేర్కొన్న తీరు శబ్దార్థ పరిశీలనకు మంచి సామగ్రి.

నాల్గవవి స్వీయచరిత్రలు. ఈ ప్రక్రియ మన భాషలో బలమైనది. టంగుటూరి ప్రకాశము ‘నా జీవితయాత్ర’, అయ్యదేవర కాళేశ్వరరావు ‘నా జీవితకథ’, కొండా వెంకట రంగారెడ్డి స్వీయచరిత్ర ఇందుకు నిదర్శనములు. కల్పనారూపమున వచ్చిన సాక్ష్యము మఱియొకటి: పి.వి. నరసింహారావు 1998లో ప్రకటించిన నవల. తెలుగున ‘లోపలి మనిషి’ పేర అనువదింపబడిన ఈ నవలయందు ‘అఫ్రోజాబాదు’ అను కల్పిత రాష్ట్రపు రాజకీయములు వర్ణితములు. అసలు పేర్లు మాఱినందున చెప్పుటకు వీలైన సత్యములు కొన్ని అందు కలవు. కాని పాత్రలకు అసలు మనుష్యుల పేర్లు అతికించి చదువుట విమర్శ కాదు. ఆ నవలను అధికారపు నడవడికి వ్యాఖ్యానముగా చదువుటయే యుక్తము.

అయిదవ ఆధారము కాలమునకు లోబడినది: సజీవుల వాఙ్మూలము. బస్తీలలో 1978 ఎన్నికను చూచినవారు, నీటి కొఱకు ఖాళీబిందెలతో నిలిచినవారు, చిత్రశాలల తొలినాళ్లలో పనిచేసినవారు వృద్ధులైనారు. వారి మాటలను వారి మాండలికముననే వ్రాసికొనవలెను. ఈ పనికి ఆలస్యము పనికిరాదు. శాసనము శిలపై నుండును, వేచియుండును, మనుష్యుడు వేచియుండడు.

ఈ ఆధారములను కూర్చునపుడు పాటింపవలసిన నియమము నొకదానిని మాత్రము సూచించెదను. దీర్ఘకాలిక రాజకీయ జీవితమును పదవుల పట్టికగా వ్రాయుట సులభము. దోషముల పట్టికగా వ్రాయుటయు సులభమే. 1966 నాటి భాషాచట్టమును, 1969 నాటి కాల్పులను ఒకే మనుష్యుని పాలనలో చూపుట కష్టము. 1968 నాటి తీర్పును, 1971 నాటి ప్రజాదరణమును ఒకే మనుష్యుని జీవితములో చూపుట కష్టము. 1975 ఏప్రిలును, 1975 జూనును ఒకే పుటలో వ్రాయుట కష్టము. ఆ కష్టమును స్వీకరించినపుడే జీవితచరిత్ర ప్రశస్తినుండి వేఱగును.

సంగ్రహముగా చెప్పవలెనన్నచో: ఆధునిక స్థలనామము దానభాగము లేని శాసనము. అది వైరులను ఇరుగుపొరుగులుగా నిలుపును, తేదీలను తొలగించును, తుదకు మనుష్యుని అక్షరములుగా మార్చును. లోపించిన ఆ దానభాగమును – ఎవరు, ఎప్పుడు, ఎందులకు, ఎవరికి మేలుగా, ఎవరికి కీడుగా – సమకూర్చుట తెలుగు శాఖల పని. ప్రాచీన శాసనములను చదువుటకు మన పెద్దలు నేర్పిన పద్ధతి మనకు కలదు. ఆ పద్ధతితో జూబిలీ హిల్సు నామఫలకములను చదువుటకు పూనుకొను విద్యార్థికి, ఆ మూడు పేర్లచుట్టునే కొన్ని సంవత్సరముల పరిశోధనకు చాలినంత సామగ్రి లభించును.